నా వంతు వచ్చేదాకా

"మీ కలను నమ్మేవాళ్ల మధ్య ఉండండి" అని చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఆ నమ్మేవాళ్లు ఎక్కడుంటారో, దొరకడానికి ఎన్నాళ్లు పడుతుందో, దొరికాక ఏమవుతుందో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. నాకైతే దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది. దొరికాక వాళ్ల ముందు నా పని పెట్టడానికి ఇంకో మూడు నెలలు. మధ్యలో ఒకసారి డబ్బు పోయింది, ఒకసారి పరువు పోయిందనుకున్నాను, ఒకసారి మానేశాను కూడా. తేదీలు డైరీలో ఉన్నాయి కాబట్టి వరసగా రాస్తున్నాను.

నాది ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం. 2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి నిద్ర పట్టక, మా అమ్మాయి రఫ్ నోట్‌బుక్ చివరి పేజీలో ఒక కాలువ గీశాను. కాలువ పొడుగునా నాలుగు పొలాలు. పైవాడు తూము ఎత్తితే కిందివాడికి నీళ్లు తగ్గుతాయి. నలుగురు కూర్చుని ఆడే ఆట అన్నమాట. ఎవరి పొలం వాళ్లు పండించుకోవాలి, కాలువ మాత్రం ఎండకూడదు. ఎండిందంటే నలుగురూ ఓడిపోయినట్టే. తెల్లారేసరికి ఆరు పేజీలు నిండాయి. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషిని, పొద్దున్నే పళ్లు తోముకుంటూ నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ సంతోషంలో కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పేశాను. మా ఆయనకు, అక్కకు, ఆఫీసులో పక్క టేబుల్ వాళ్లకు, చివరికి దంతాల డాక్టరుకు కూడా. అందరూ ఒకటే మాట: "బాగుందే!" మా ఆయన అయితే "నువ్వు చేస్తావులే" అని టీవీ వైపు తిరిగాడు. ఆయన్ని తప్పు పట్టడం లేదు, అంతకంటే ఏమంటాడు? పక్క సీటావిడ నన్ను "గేమ్ డిజైనర్ గారూ" అని పిలవడం మొదలుపెట్టింది. వెక్కిరింతో మెచ్చుకోలో తెలియదు గానీ, వినడానికి హాయిగానే ఉండేది.

మార్చి గడిచింది. ఏప్రిల్, మే కూడా. ఆరు పేజీలు ఆరు పేజీలుగానే ఉన్నాయి. ఒక్క అట్టముక్క కత్తిరించలేదు. దీనికి కారణం చాలా తర్వాత ఒకచోట చదివాను. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం 2009లో కొన్ని ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. "నేను ఫలానా అవ్వాలి" అన్న తమ ఉద్దేశానికి ఎదుటివాళ్ల గుర్తింపు దొరికినవాళ్లు, అది దొరకనివాళ్ల కంటే తక్కువసేపు పని చేశారట. పేరు ముందే వచ్చేస్తే ఇక పనితో అవసరమేముంది? నాకు సరిగ్గా అదే జరిగింది. "గేమ్ డిజైనర్ గారూ" అనిపించుకుంటూ మూడు నెలలు గడిపేశాను.

జూన్‌లో డబ్బు కట్టి ఒక ఆన్‌లైన్ బృందంలో చేరాను. ఎనిమిది ఆదివారాలు. ఫీజు నా నెల జీతంలో ఎనిమిదో వంతు. ప్రకటనలో "మీ ఆలోచనకు అండగా నిలిచే కుటుంబం" అని ఉంది. మొదటి రోజు స్క్రీన్ మీద అరవై మొహాలు. ఒక్కొక్కళ్లకు ఎనిమిది వారాల్లో ఒక్కసారి, నాలుగు నిమిషాలు. నా నాలుగు నిమిషాలు ఐదో వారం వచ్చాయి. చెప్పడం పూర్తి కాకముందే "వావ్! అందరూ చప్పట్లు కొట్టండి" అన్నారు. అరవై మంది బొటనవేళ్లు పైకెత్తారు. తర్వాతివాళ్లకూ అదే "వావ్". అప్పుడు నాకు కొంచెం అనుమానం వచ్చింది. ఎనిమిదో ఆదివారం మొత్తం దీని తర్వాతి పై స్థాయి కోర్సు గురించే మాట్లాడారు. దాని ఫీజు దీనికి ఐదు రెట్లు. "మీ కల విలువ అంత కాదా?" అని అడిగారు. నేను కెమెరా ఆపేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. డబ్బు వెనక్కి ఇవ్వమని రెండుసార్లు రాశాను, జవాబు లేదు. చేరబోయేవాళ్లకు ఒక్క మాట: ఎంతమంది ఉంటారు, నాకు మొత్తం ఎన్ని నిమిషాలు వస్తాయి అని ముందే అడగండి. నేను ఆ రెండూ అడగలేదు.

ఆగస్టులో ఎవరో నాలుగు వందల మందికి పైగా ఉన్న ఒక చాట్ గ్రూపులో చేర్చారు. రాత్రి పదకొండున్నరకు నా కాలువ బొమ్మ ఫొటో పెట్టాను. పొద్దున లేచి చూస్తే ముప్ఫై ఒక్క హృదయాలు, రెండు మాటలు. ఒకరు "సూపర్" అన్నారు. ఇంకొకరు ఆ నీలం స్కెచ్ పెన్ను ఎక్కడ కొన్నారని అడిగారు. మూడు వారాల తర్వాత చెప్పాపెట్టకుండా బయటికొచ్చేశాను. ఎవరూ గమనించలేదు.

ఇక అసలు సంగతి.

సెప్టెంబర్ మొదటి వారంలో గ్రంథాలయంలో పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. నోటీసు బోర్డు మీద, పోయిన గొడుగు గురించిన కాగితం కింద, చేతిరాతతో చిన్న చీటీ: "సగంలో ఆగిన పనులున్నవాళ్లు కలుస్తుంటాం. మీదీ ఒకటి ఉంటే కబురు పెట్టండి." కింద ఒక నంబరు. "కలలు" అన్న మాట లేదు, "విజయం" అన్న మాట లేదు. సగంలో ఆగిన పనులు! నన్నే అన్నట్టు అనిపించింది. ఆ రోజే మెసేజ్ పెట్టాను.

తొమ్మిది రోజులు జవాబు లేదు. పదో రోజు వచ్చింది: "మేం పన్నెండు మందికి మించి ఉండం. ఒకరు ఊరు మారుతున్నారు, అక్టోబర్ 19న ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. మొదటి మూడుసార్లు చేతులూపుకుంటూ రండి. మీ పని తేవద్దు."

చదివి చిరాకు పడ్డాను. చేతులూపుకుంటూ వెళ్లి ఏం చేయాలి? ఫీజు ఎంతని అడిగాను. లేదన్నారు. గది గ్రంథాలయం వాళ్లది, ఊరికే ఇస్తారు. వెళ్లేటప్పుడు కుర్చీలు సర్దాలి, అంతే. ఆ "అంతే" చూసి కూడా అనుమానపడ్డాను. ఒకసారి దెబ్బ తిన్నదాన్ని కదా.

అక్టోబర్ 19, శనివారం, సాయంత్రం నాలుగు. పై అంతస్తులో పాత పత్రికలు పేర్చిన గది. రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు ముందు కూర్చున్నారు, ఆయన చేతిలో వంటింటి టైమర్. పద్ధతి రెండు నిమిషాల్లో చెప్పేశారు. రెండు వారాలకోసారి కలుస్తారు, మూడు గంటలు. ఒక్కో రోజు ముగ్గురి వంతు, ఒక్కొక్కరికి నలభై ఐదు నిమిషాలు. అంటే పన్నెండు మందికి ఒక చుట్టు తిరగడానికి ఎనిమిది వారాలు.

"ఎనిమిది వారాలా మాస్టారూ?" అన్నాను.

"మిగతా ఏడు వారాలు మీరేం చేస్తారో చూద్దామని" అన్నారాయన నవ్వకుండా.

ఆ రోజు మొదటి వంతు ఒక టైలరమ్మది. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పడిపోయినవాళ్లు తమంతట తాము వేసుకోగలిగే చొక్కా కుడుతోంది. గుండీల చోట లోపల అయస్కాంతాలు కుట్టింది, పైకి మామూలు గుండీల్లాగే ఉంటాయి. "వేసుకుని చూడండమ్మా" అని నా చేతికిచ్చింది. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని కుడిచేత్తో ప్రయత్నించాను. మొదటి గుండీ టక్కున అతుక్కుంది. రెండోది మూడోదాన్ని లాక్కుని అడ్డంగా అంటుకుపోయింది. విడదీస్తే మళ్లీ పై దానికి. చొక్కా మొత్తం మెడ దగ్గర ముద్ద అయిపోయింది. నాకు నవ్వు ఆగలేదు, ఆవిడకీ ఆగలేదు. ఆ నవ్వులోనే ఆవిడ నా వేళ్లనే చూస్తోంది, పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. ఎవరూ "వావ్" అనలేదు. "గుండీల మధ్య దూరం ఎంత పెట్టాలనుకున్నారు?" అని ఒక కుర్రాడు అడిగాడు. నలభై ఐదు నిమిషాలు పన్నెండు మందిమి గుండీల మధ్య దూరం గురించే మాట్లాడుకున్నాం. అంతసేపు ఒక మనిషి పని మీద పన్నెండు మంది మనసు పెట్టడం నేను అంతకుముందు చూడలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన అడిగాడు, "నీ ఆట గురించి ఏమన్నారు?"

"చెప్పలేదు."

"మరెందుకెళ్లావు?"

"చొక్కా వేసుకోవడానికి."

వాళ్లు పాటించే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన తేడా అంతా అందులోనే ఉంది. లిజ్ లెర్మన్ అనే అమెరికా నృత్య దర్శకురాలు 1990లో రూపొందించిందట, మాస్టారు దాన్ని తన వీలుకు తగ్గట్టు మార్చుకున్నారు. నాలుగు మెట్లు. ముందు చూసినవాళ్లు తమ మనసుకు ఏది తగిలిందో, ఏది గుర్తుండిపోయిందో చెప్పాలి. తర్వాత పని తెచ్చినవాళ్లు తమకు ఏం తెలుసుకోవాలని ఉందో అడగాలి. మూడోది మిగతావాళ్లు అడిగే ప్రశ్నలు, అయితే ప్రశ్నలో తీర్పు దాగి ఉండకూడదు. "ఇదేంటి ఇంత సాగుతోంది?" అని అడిగితే మాస్టారు ఆపేస్తారు. "ఇది ఎంతసేపు ఉండాలనుకున్నారు?" అని అడగాలి. అభిప్రాయం అన్నిటికంటే చివర. అదీ "ఫలానా దాని గురించి నాకొక అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?" అని అడిగాకే. వద్దనే హక్కు పని తెచ్చినవాళ్లకు ఉంటుంది.

మొదట్లో ఇదంతా నాటకంలా అనిపించింది. పెద్దవాళ్లం, నోటికొచ్చింది చెప్పుకోలేమా? మూడో శనివారానికి నాకే అర్థమైంది, తీర్పు లేకుండా ప్రశ్న అడగడం ఎంత కష్టమో. నవంబర్ 16న ఆ కుర్రాడి వంతు. చూపు లేనివాళ్లు వేళ్లతో తడిమి తెలుసుకునేలా బస్ స్టాండు పటం చేస్తున్నాడు, అట్ట మీద దారాలు, జిగురు. నేను నోరు తెరిచి "మరి ఇన్ని దారాలైతే తికమక కాదా?" అన్నాను. టైమర్ మీద వేలు పెట్టి మాస్టారు నా వైపు చూశారు. నాలుగుసార్లు మార్చి చివరికి "వేలు ముందు ఎక్కడ పెట్టాలని అనుకున్నావు?" అన్నాను. ఆ కుర్రాడు కాసేపు ఏం మాట్లాడలేదు. "అక్కా, అది నేను అనుకోనే లేదు" అన్నాడు. ఆ వారమంతా నాకు నా ఆట కంటే ఆ పటమే ఎక్కువ గుర్తొచ్చింది.

అన్నీ బాగున్నాయని కాదు. ఒకాయన ఉన్నారు, ఎవరి పని తెచ్చినా తన పాత ఉద్యోగం కథతో మొదలుపెడతారు. టైమర్ మోగినా ఆగరు. ఇంకొకావిడ తన వంతు ఉన్న రోజే వస్తుంది. వరసగా రెండుసార్లు అలా చేస్తే వంతు చివరికి పోతుందని చెప్పారు, ఆవిడకు కోపం వచ్చింది, డిసెంబర్ నుంచి రావడం మానేసింది. నాకు అసూయ కూడా కలిగింది, దాచడమెందుకు? టైలరమ్మ చొక్కాను ఎవరో ఆసుపత్రివాళ్లు అడిగారని తెలిసిన రోజు "అభినందనలు" అన్నానే గానీ ఇంటిదాకా మొహం మాడ్చుకునే నడిచాను.

నా వంతు 2025 జనవరి 11. నవంబర్ 16 నుంచి ఆ రోజు దాకా ఉన్న ఎనిమిది వారాల్లో నేను మొదటిసారి నిజంగా పని చేశాను. అట్ట కొన్నాను, బొమ్మ గీశాను, వంద కార్డులు కత్తిరించాను. మా ఇంట్లో ఒక్క పదునైన కత్తెర లేదని అప్పుడే తెలిసింది. నీళ్లకు నీలం పూసలు, పంటకు చిన్న చెక్కముక్కలు. ప్రింటుకు అయిన ఖర్చు ఆ ఆన్‌లైన్ బృందానికి కట్టినదాంట్లో పదో వంతు కూడా కాదు. అసలు ఖర్చు వేరే ఉంది: రెండు వారాలకోసారి రానూపోనూ కలిపి ఐదు గంటల శనివారం. మా అమ్మాయి స్కూల్లో జరిగిన ఒక కార్యక్రమానికి నేను వెళ్లలేకపోయాను. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ రోజు నలుగురు కూర్చున్నారు. నాలుగో పొలం, అంటే కాలువ చివరి పొలం, ఒక నర్సక్కకు వచ్చింది. ఆపరేషన్ అయి ఇంటికెళ్లే పేషెంట్ల కోసం బొమ్మల పుస్తకం చేస్తోందావిడ. నైట్ డ్యూటీ దిగి, నిద్రపోకుండా వచ్చింది. ఆట నడుస్తున్నప్పుడు నేను మాట్లాడకూడదు, నియమం. మొదటి చుట్టులో పైవాళ్లు ముగ్గురూ పూసలు తీసుకున్నారు. ఆవిడ దాకా ఒక్కటే వచ్చింది. రెండో చుట్టు, సున్నా. మూడు, సున్నా. నాలుగో చుట్టుకి ఆవిడ తన చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. ఐదు, ఆరు, ఏడు ముక్కల గోపురం. నేను ఆ గోపురాన్నే చూస్తున్నాను, నా చెవులు వేడెక్కిపోతున్నాయి. ఐదో చుట్టులో ఆగలేక "అక్కా, మీరు ఇప్పుడు పైవాళ్లను బతిమాలుకోవచ్చు, ఆ కార్డు వాడండి" అనేశాను.

"మేడమ్, మాట్లాడకండి" అన్నారు మాస్టారు.

"కానీ వాళ్లకి అర్థం కాలేదు మాస్టారూ..."

"అదే రాసుకోండి."

గోపురం కూలింది. చిన్న చప్పుడే, కానీ గదిలో అందరికీ వినిపించింది.

మొదటి మెట్టులో వాళ్లు మంచి మాటలే చెప్పారు. నీలం పూసలు చేతిలోంచి కిందికి జారిపోతుంటే నిజంగా నీళ్లు పోతున్నట్టు అనిపించిందని ఒకరన్నారు. నాకేమీ ఎక్కలేదు. తర్వాత నర్సక్క అడిగింది, "చివరి పొలంవాళ్లు ఇంతసేపూ ఏం చేస్తూ ఉండాలనుకున్నావమ్మా?" అందులో తీర్పు లేదు. నియమం ప్రకారమే అడిగింది. అయినా నాకు ఏడుపొచ్చింది. నా దగ్గర జవాబు లేదు. ఏడాది పాటు నేను అనుకున్నది మొదటి పొలం గురించే. ఆట ఊహించుకున్నప్పుడల్లా నేను కూర్చున్నది అక్కడే.

జనవరి 25న వెళ్లలేదు. ఆఫీసు పని అని మెసేజ్ పెట్టాను. ఫిబ్రవరి 8న మెసేజ్ కూడా పెట్టలేదు. డబ్బా కట్టేసి అటక మీద పెట్టించాను. "పోనీలే, హాయిగా శనివారాలు ఇంట్లో ఉంటావు" అన్నాడు మా ఆయన. ఆ "పోనీలే" ఎందుకో చాలా గట్టిగా తగిలింది.

ఫిబ్రవరి 9న ఆ పటం కుర్రాడి నుంచి ఒక ఫొటో వచ్చింది. గీతల కాగితం మీద నర్సక్క చేతిరాత, మందుల చీటీలా గజిబిజిగా. కాలువ గీసి, నాలుగో పొలం చుట్టూ మూడు సున్నాలు చుట్టింది. పక్కన: "నీళ్లు రాకపోయినా ఫర్వాలేదు. నా మాట చెల్లాలి." కింద కుర్రాడు రాశాడు: "అక్కా, మీరు రాలేదు కానీ నిన్న చివర్లో పావుగంట మీ ఆట గురించే మాట్లాడుకున్నాం. నియమం ప్రకారం మీరు లేనప్పుడు మాట్లాడకూడదు. మాస్టారే మొదలుపెట్టారు."

నేను మంచం మీద కూర్చుని ఆ ఫొటో పెద్దది చేసి చూస్తూ ఉండిపోయాను. "బాగుందే" అన్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. నేను లేనప్పుడు నా ఆటతో బుర్ర బద్దలు కొట్టుకున్నవాళ్లు వీళ్లే.

ఫిబ్రవరి 22న వెళ్లాను. ఎవరూ ఎందుకు రాలేదని అడగలేదు. ఆ రోజు కుర్చీలు సర్దే పని నాకిచ్చారు, అంతే.

ఆ సాయంత్రం మెట్లు దిగుతూ మాస్టారు ఒక సంగతి చెప్పారు. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినోర్ ఆస్ట్రమ్, కాలువలు, చెరువులు, అడవులు లాంటి ఉమ్మడి వనరులను జనం తమలో తాము ఎలా కాపాడుకుంటారో ఏళ్ల తరబడి చదివిన మనిషి. వంతుల వారీగా నీళ్లు పెట్టుకునే చోట్ల వేరే కాపలా పెద్దగా అవసరం ఉండదని గమనించారట. తర్వాతి వంతు ఎవరిదో వాళ్లే గట్టు మీద నిలబడి ఉంటారు. ముందువాడు ఇంకాసేపు నీళ్లు పెట్టుకోవాలని చూస్తాడు, తర్వాతివాడు ఊరుకోడు. "ఎదురుచూసేవాడికి మించిన కాపలా ఎవరమ్మా?" అన్నారు మాస్టారు.

మా వీధి మలుపు దగ్గర నేను ఆగిపోయాను. నా ఆటలో ఎదురుచూసేవాళ్లకు పనేమీ లేదు, చెక్కముక్కలు పేర్చుకోవడం తప్ప. వాళ్లకు గట్టు మీద నిలబడే హక్కిస్తే?

నా రెండో వంతు ఏప్రిల్ 5. కొత్త నియమం: ఒకరు తూము ఎత్తగానే కిందివాళ్లు ఎవరైనా "దించు" అనవచ్చు. అన్నవాళ్లు పైవాళ్ల కార్డులు చూడవచ్చు. నిజంగా ఎక్కువ తీసుకుని ఉంటే ఆ పూసలన్నీ కాలువలోకి తిరిగి వెళ్లాలి. అనుమానం తప్పయితే మాత్రం అన్నవాళ్లు ఒక చుట్టు నోరెత్తకూడదు. నర్సక్క మళ్లీ నాలుగో పొలంలోనే కూర్చుంటానంది. మూడో చుట్టులో కథలు చెప్పే పెద్దాయన మూడు పూసలు మెల్లగా లాగారు. "దించండి!" అని బల్ల మీద కొట్టిందావిడ. నిజంగానే ఒకటి ఎక్కువ. ఆయన మొహం చూడాలి! గదంతా గోల. టైమర్ మోగినా ఎవరికీ వినపడలేదు. నేను నోరు మూసుకుని రాసుకుంటున్నాను, నా చెయ్యి వణుకుతోంది. ఆ పేజీలో ఏం రాశానో ఇప్పటికీ చదవలేను.

మే 31న మూడో వంతు. అది సగం సగమే. ఇద్దరు జట్టు కట్టి ప్రతిసారీ "దించు" అంటే ఆట ముందుకు కదలదని తేలింది. ఈసారి నాకు ఏడుపు రాలేదు. ఇంటికెళ్లి నిద్రపోయాను, పొద్దున లేచి సరిచేశాను.

ఇంకొక లెక్క, నా ఉద్యోగం బుద్ధి పోనిచ్చుకోలేక చెబుతున్నాను. జెఫ్రీ హాల్ అనే అమెరికన్ పరిశోధకుడు 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పరిచయస్తులు మామూలు స్నేహితులు కావడానికి దాదాపు 50 గంటలు, స్నేహితులు కావడానికి 90 గంటలు, బాగా దగ్గరవడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాల్సి వస్తుంది. మాకు నెలకు ఆరు గంటలే. హాజరు లెక్క చూసుకుంటే జూన్ 28కి నావి 51 గంటలు. సరిగ్గా ఆ రోజే మొదటిసారి నర్సక్క, ఆట ఊసు లేకుండా, "ఏంటమ్మా కళ్లు లోపలికి పోయాయి, ఇంట్లో అంతా బాగేనా?" అని అడిగింది. మెట్ల మీద కూర్చుని అరగంట మాట్లాడుకున్నాం. కాకతాళీయమే అనుకోండి. కానీ నాలుగో వారానికే "వీళ్లు నన్ను పట్టించుకోవడం లేదు" అని మానేసేవాళ్లను ఇద్దర్ని చూశాను. వాళ్లకు పన్నెండు గంటలు కూడా కాలేదు.

మా ఇంట్లో మార్పేమిటంటే, మా ఆయన ఇప్పటికీ ఆట ఆడడు. అయితే జూన్‌లో ఒక రోజు కొత్త కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

జూలై 26. నాలుగో వంతు. ఖాళీ కుర్చీలోకి కొత్తగా ఒకబ్బాయి వచ్చాడు, అతనికది రెండో శనివారం. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు, నేను అక్టోబర్‌లో కూర్చున్నట్టే. తన పని గురించి ఎవరూ అడగడం లేదని కొంచెం ఉక్రోషంగా ఉన్నట్టుంది, నాకు ఆ మొహం తెలుసు. ఆటకు కావలసిన నలుగురిలో ఇద్దరు తక్కువయ్యారు. మాస్టారు అతణ్ని నాలుగో పొలంలో కూర్చోబెట్టారు, నన్ను మొదటి పొలంలో. ఈసారి నేనే ఆడాలట, పక్కన నిలబడి రాసుకోవడానికి వీల్లేదట.

మొదటి చుట్టులో అతను ఏమీ అనలేదు. రెండో చుట్టులోనూ అంతే. ఆరో చుట్టు దగ్గర ఆట ఇంకా కొంచెం సాగుతుంది, దానికి నా దగ్గర ఇప్పటికీ మందు లేదు, ఆ సంగతే ఆలోచిస్తూ మూడో చుట్టులో తూము ఎత్తి పూసలు తీసుకున్నాను. రెండు తీసుకోవాలి. మూడు వచ్చాయి. కావాలని తీశానో చేతికి అలా వచ్చాయో, నిజంగా నాకే తెలియదు.

అతను మోకాళ్ల మధ్య నుంచి ఒక చెయ్యి బయటికి తీశాడు.

"మేడమ్," అన్నాడు మెల్లగా. తర్వాత కొంచెం గట్టిగా, "దించండి."